కుటుంబ వ్యాపారంలో వాటా వేరు, కుర్చీ వేరు: లెక్క తేల్చుకునే పద్ధతి

మిర్యాలగూడలో రైస్‌మిల్లు అయినా, గద్వాలలో చీరల దుకాణమైనా, పెట్టుబడి ఎవరిది, రోజువారీ నిర్వహణ ఎవరిది అనే రెండు ప్రశ్నలను కలిపి చూసినంత కాలం కుటుంబం వల్ల వ్యాపారానికి మేలు జరుగుతోందో కీడు జరుగుతోందో తేలదు. అమెరికాలోని పెద్ద కంపెనీలపై విల్లలోంగా, అమిత్ 2006లో ప్రచురించిన పరిశోధనలో, స్థాపకుడే సారథిగా ఉన్నచోట కుటుంబ యాజమాన్యం కంపెనీ విలువను పెంచిందని, వారసులు సారథులైన చోట విలువ తగ్గిందని తేలింది. డెన్మార్క్ కంపెనీలపై 2007లో వెలువడిన మరో అధ్యయనం కూడా, పగ్గాలు ఇంటివారికే అప్పగించినప్పుడు లాభదాయకత పడిపోయిందని చూపింది. మన మిల్లుల పరిమాణం వేరే కాబట్టి వీటిని తీర్పుగా తీసుకోనక్కరలేదు గాని, హెచ్చరికగా తీసుకోవచ్చు.

ముందుగా చేయవలసింది అసలు లాభాన్ని కనుక్కోవడం. ఉదాహరణకు, ఒక మిల్లు సంవత్సరాంతంలో 18 లక్షల లాభం చూపిందనుకుందాం. అందులో జీతం తీసుకోకుండా పనిచేసే ఇద్దరు అన్నదమ్ముల స్థానంలో బయటివారిని పెడితే నెలకు చెరి 40 వేల చొప్పున 9.6 లక్షలు, సొంత షెడ్డుకు నెలకు 25 వేల అద్దె చొప్పున 3 లక్షలు, 60 లక్షల సొంత పెట్టుబడిపై 9 శాతం వడ్డీ 5.4 లక్షలు తీసివేస్తే మిగిలేది సున్న. అంటే ఆ మిల్లు లాభంగా చూపినదంతా కుటుంబం శ్రమకు, స్థలానికి, డబ్బుకు రావలసిన ప్రతిఫలమే. ఈ లెక్క ఇంట్లో చాలామందికి రుచించదు, అయినా ఏటా వేయాల్సిందే. పంట తగ్గిన ఏడాది జీతాలు వదులుకొని మిల్లును నిలబెట్టగలగడం కుటుంబానికే సాధ్యమైన బలం కనుక, వదులుకున్న ఆ మొత్తాన్ని ఎవరి ఖాతాలో వారికి రాసి ఉంచాలి.

తరువాత ఒక్కొక్కరి పనిని కొలిచే గీటురాయి పెట్టాలి. ప్రభుత్వ వడ్లు మరపట్టి ఇచ్చే మిల్లు క్వింటాల్‌కు ముడి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. యంత్రాలు చూసే తమ్ముడి పనితనాన్ని ఈ అంకెతోనే చూడాలి తప్ప వరుసతో కాదు. కొడుకైనా, కూతురైనా, అల్లుడైనా మరొకరి దగ్గర కొన్నేళ్లు పనిచేసి వచ్చాకే బాధ్యత అప్పగించడం మంచిది. అర్హులు ఇంట్లో లేకపోతే జీతం మీద మేనేజరును పెట్టుకొని, కుటుంబం వాటాదారుగా మిగలడంలో చిన్నతనమేమీ లేదు.

భాగస్వామ్య పత్రం విషయంలో అలసత్వం పనికిరాదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం 42వ సెక్షన్ ప్రకారం, పత్రంలో వేరే ఒప్పందం లేకపోతే భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. లెక్కలు తేల్చకుండా మిగతావారు వ్యాపారం నడిపితే, వైదొలగిన లేదా మరణించిన వ్యక్తి తరఫువారు ఆ వాటా వల్ల వచ్చిన లాభమైనా, ఏటా 6 శాతం వడ్డీయైనా కోరవచ్చునని 37వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి వాటా విలువను ఎవరు, ఏ తేదీ లెక్కలతో కట్టాలి, ఎన్ని వాయిదాల్లో చెల్లించాలి, వారసులకు వాటా మాత్రమే వస్తుందా లేక నిర్వహణలో చోటు కూడా ఉంటుందా అన్నవి అందరూ బాగున్నప్పుడే రాయించి, సంస్థను రిజిస్టరు చేయించి, ప్రతి ఇంటికీ ఒక ప్రతి ఇవ్వాలి.