ఫీడ్ రీడర్‌లో వెతుకులాట – 4: పదం తోక కోయడం

ఒక్కో సైటు పంపే కొత్త వార్తల వరుసను ఫీడ్ అంటారు; వాటిని ఒకచోట తెచ్చిపెట్టేది ఫీడ్ రీడర్. ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్ అలాంటిదే. పోయిన పాఠం తర్వాత ఎక్కువగా వచ్చిన ఫిర్యాదు: ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్‌లో ‘ఇన్‌టైటిల్:’ (శీర్షికలో మాత్రమే వెతకమనే గుర్తుమాట) పెడితే ఏమీ రావడం లేదని. కోలన్ తర్వాత ఖాళీ వదిలారు. వదలకూడదు. ఇలాంటి గుర్తుమాటలను, అంటే ఆపరేటర్లను, ఇక్కడ తెలుగులో రాస్తున్నా, వెతికే పెట్టెలో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. ఇంకొకటి: ‘ఇన్‌టైటిల్:వరద గోదావరి’ అంటే వరద మాత్రమే శీర్షికలో ఉండాలి, గోదావరి వార్తలో ఎక్కడున్నా చాలు. రెండూ శీర్షికలోనే కావాలంటే ఆపరేటర్‌ను రెండుసార్లు రాయండి. వద్దన్న మాట ఉన్న వార్తలను తీసేసే మైనస్ గుర్తు, రెండు మాటల్లో ఏదున్నా చాలనే ‘ఆర్’ (ఇది మాత్రం పెద్ద అక్షరాల్లో) మీకు తెలిసినవే.

నాకు విసుగు తెప్పించేది వేరే ఉంది. ‘పుస్తకం’ అని వెతికి, వార్తలు తక్కువగా వచ్చాయని రీడర్‌ను తిడతారు. దానికి తెలుగు వ్యాకరణం తెలియదు; మీరిచ్చిన అక్షరాల వరుస ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. సున్నతో ముగించారు కాబట్టి ‘పుస్తకాలు’, ‘పుస్తకాల’ రెండూ తప్పిపోయాయి. సున్న తీసేసి ‘పుస్తక’ అనండి, అన్నీ వస్తాయి. ‘ప్రాజెక్టు’, ‘ప్రాజెక్ట్’ రెండూ కావాలా? కొమ్మూ పొల్లూ తీసేసి ‘ప్రాజెక్ట’ చాలు. ‘హైదరాబాద’ అంటే హైదరాబాదు, హైదరాబాద్ వస్తాయి. ‘హైదరాబాద్‌లో’ కూడా వస్తుంది. ఈ చివరి మాటలో పొల్లుకూ ‘లో’కూ నడుమ కంటికి కనబడని గుర్తొకటి ఉంటుంది. దాన్ని టైపు చేయనివారికి ఆ వార్త దొరకదు. తోక కోసేస్తే ఆ బాధే లేదు.

అయితే మరీ పొట్టిగా కోస్తే ‘పాల’ అని పెట్టినవారికి పాలనా పాలకులూ గోపాలుడూ వస్తారు. ‘వాన’కైతే జవాన్లు, భగవాన్ వస్తారు, ఎందుకంటే ‘వాన్’ అంటే వాన మీద పొల్లే. మైనస్ పెట్టి ‘జవాన’ను తీసేద్దామంటే, వరదల్లో జవాన్లు జనాన్ని కాపాడిన వార్త కూడా పోతుంది. నేనైతే ‘వర్ష’ అని వెతుకుతాను. ఫ్రెష్‌ఆర్‌ఎస్‌ఎస్ 1.25 వెర్షన్ నుంచి, అక్షరాల నమూనా ఇచ్చి వెతికే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు కూడా పనిచేస్తాయి కానీ, సరైన మాట ఎంచుకుంటే వాటి అవసరం నాకు అరుదు.

తేదీ గురించి ఒక్క మాట. ‘డేట్:’ వార్త మీ రీడర్‌కు చేరిన రోజును చూస్తుంది, అచ్చైన రోజును కాదు. నిన్న కొత్త ఫీడు చేర్చుకుంటే అందులోని పాత వార్తలన్నీ నిన్నటివే. అచ్చైన రోజు కావాలంటే ‘పబ్‌డేట్:’ వాడండి. ‘పబ్‌డేట్:పి1డబ్ల్యు’ అంటే గడిచిన వారం.

అభ్యాసం: గడిచిన వారంలో అచ్చైన గోదావరి వరద వార్తలన్నీ పెట్టెలో రాసే ఒకే వెతుకులాట వరుసతో రావాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్ రైలు రాకూడదు, వరదరాజు అనే పేరున్నవారూ రాకూడదు. పశ్చిమ గోదావరి జిల్లా రాజకీయాలు రాకూడదు గానీ, ఆ జిల్లాలోని వరద వార్త ఒక్కటీ తప్పిపోకూడదు.