షూ మార్చే ముందు ఒకసారి లేసులు విప్పి చూడండి

పరుగు మొదలైన పది నిమిషాలకే మడమ లేచి లేచి పడుతుంది, పాదం పైన లేసు ఒత్తుకుని కోస్తున్నట్టు ఉంటుంది, ఇంకాసేపటికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇలా జరిగితే ఎక్కువమంది మొదట అనేది "ఈ షూ నాకు పడలేదు" అని. సైజు సరిపోయిన షూ అయితే మాత్రం, కొత్త జతకు డబ్బు పెట్టే ముందు లేసులు పూర్తిగా విప్పి ఇంకోలా ఎక్కించి చూడండి. ఖర్చు లేదు, పది నిమిషాల పని, నచ్చకపోతే మళ్లీ పాత పద్ధతికే వచ్చేయొచ్చు.

నాకు ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. కుడికాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య సందు, సరిగ్గా ఆ ఒక్కచోటే, ఐదు కిలోమీటర్లు దాటగానే మొద్దుబారిపోయేది. సైజు పెంచాను, సాక్సులు మార్చాను, ఇంకో రకం షూ కొన్నాను, నడుములో ఏదైనా నరం నొక్కుకుందేమోనని టెన్షన్ కూడా పడ్డాను. చివరికి తేలిందేంటంటే, ఆ సందులో చర్మానికి స్పర్శ తెలియజేసే నరం పాదం పైభాగం మీదుగానే, పెద్దగా కండ లేని చోటు నుంచే వేళ్ల వైపు వెళ్తుంది. నా లేసు సరిగ్గా దాని మీదే ఇంటూ గుర్తులా పడుతోంది. ఆ ఒక్క ఇంటూ తీసేశాను, వారంలో తిమ్మిరి పోయింది. అప్పటినుంచి ఎవరు పాదం నొప్పి అన్నా ముందు వాళ్ల లేసుల వైపే చూస్తాను.

షూ డబ్బాలోంచి వచ్చేటప్పుడు లేసులు అందరికీ ఒకేలా, కింది నుంచి పైకి ఇంటూ ఇంటూగా ఎక్కించి ఉంటాయి. అది చెడ్డ పద్ధతేం కాదు. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ గణిత శాస్త్రవేత్త బర్కార్డ్ పోల్‌స్టర్ 2002లో 'నేచర్' పత్రికలో లెక్కగట్టి చూపించారు: షూ రెండు అంచుల్నీ దగ్గరకు లాగే బలంలో ఈ ఇంటూ పద్ధతీ, అడ్డగీతల్లా నేరుగా ఎక్కించే పద్ధతీ అన్నిటికన్నా మెరుగు. కాకపోతే ఆ లెక్క లాగే బలం గురించే. మీ పాదం ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ వెడల్పుగా ఉందో దానికి తెలియదు. పైగా చాలామందికి రెండు పాదాలూ ఒకేలా ఉండవు, కాబట్టి కుడి షూకి ఒక పద్ధతి, ఎడమ షూకి ఇంకో పద్ధతి పెట్టుకున్నా ఏమీ తప్పు లేదు. నేను అలాగే పెట్టుకుంటాను.

పద్ధతి మార్చే ముందు అసలు మీరు కట్టుకునే తీరు చూసుకోండి, చాలా ఇబ్బందులు అక్కడే తీరిపోతాయి. కట్టిన లేసు విప్పకుండానే కాలు దూర్చేసి, పైన కొసలు మాత్రం గట్టిగా లాగి ముడేస్తే ఏమవుతుంది? కింద అంతా వదులు, పైన ఉరి బిగించినట్టు. అలా కాకుండా లేసుల్ని వేళ్ల దాకా వదులు చేయండి. లేసుల కింద ఉండే మెత్తటి ముక్కను, అంటే షూ నాలుకను, మధ్యకు సర్దండి. చాలా షూలకు నాలుక మధ్యలో చిన్న పట్టీ ఉంటుంది, లేసు దాంట్లోంచి వెళ్తే నాలుక పక్కకు జారదు. కాలు పెట్టి, మడమను నేలకు రెండుసార్లు తట్టి బాగా వెనక్కి ఆనించండి, అది వెనక ఆనుకున్నాకే బిగించడం మొదలుపెట్టండి. కింది జత నుంచి ఒక్కో అడ్డాన్నీ వేలితో లాగుతూ పైకి రావాలి. వేళ్ల దగ్గర వదులుగా, మధ్యలో ఒంటికి పట్టినట్టు, చీలమండ దగ్గర గట్టిగా ఉండాలి. కట్టాక ముడి కింద ఒక వేలు కాస్త కష్టంగా దూరితే సరిపోయినట్టే.

ఇక మడమ జారడం గురించి, ఎందుకంటే ఎక్కువమందిని వేధించేది ఇదే, దీనికి మందు కూడా మీ షూలోనే ఉంది. అన్నిటికంటే పైన, మిగతా వరసకు కాస్త వెనక్కి జరిగి, లేసు ఎక్కించకుండా ఖాళీగా వదిలేసిన కన్నం ఒకటి కనిపిస్తుంది చూడండి. అదేదో అలంకారానికి పెట్టింది కాదు. మామూలుగా ఇంటూలు వేసుకుంటూ ఆ కన్నానికి ఒకటి కిందిదాకా రండి, లేసు కొస బయటికి వచ్చేలా. ఇప్పుడు అవతలి వైపుకు దాటకండి. ఎడమ కొసను ఎడమవైపే ఉన్న పై కన్నంలోకి బయటి నుంచి లోపలికి దూర్చండి, కానీ మొత్తం లాగేయకుండా ఆ రెండు కన్నాల మధ్య చిటికెనవేలు పట్టేంత ఉచ్చు వదలండి. కుడివైపూ అంతే. ఇప్పుడు రెండు పక్కలా రెండు చిన్న ఉచ్చులుంటాయి, కొసలు రెండూ లోపల నాలుక పక్కన ఉంటాయి. ఎడమ కొసను నాలుక మీదుగా తెచ్చి కుడి ఉచ్చులోంచి, కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి తీయండి. ఇక్కడ తొందరపడి పైకి లాగేయొద్దు. ముందు కొసల్ని పక్కలకు, కాస్త కిందికి, మడమ వైపు లాగండి. ఉచ్చులు మూసుకుపోతూ షూ మెడ చీలమండ చుట్టూ దగ్గరకు రావడం స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడు మామూలుగా ముడి వేసుకోండి.

మొదటిసారి కట్టినప్పుడు నాలుగడుగులు వేయగానే తేడా తెలిసిపోతుంది, మడమ కదలదు. మడమ వెనక బొబ్బలు వచ్చేవాళ్లు, దిగుడు బాటలో పరిగెత్తేవాళ్లు ముందు దీన్నే ప్రయత్నించాలని నా అభిప్రాయం. పై కన్నం దాకా కట్టడం వల్ల లాభం ఉందని చెప్పే పరిశోధన కూడా ఉంది: 2009లో జర్మనీ పరిశోధకులు పరుగు అలవాటున్నవాళ్ల మీద రకరకాల లేసు పద్ధతులు పరీక్షిస్తే, ఏడు జతల కన్నాల్లోనూ లేసు ఎక్కించి కట్టినప్పుడు నేల తగిలే దెబ్బ పెరిగే వేగమూ, పాదం లోపలికి ఒరిగే వేగమూ తగ్గాయి. ఒక్క జాగ్రత్త: ఈ ముడి పట్టు బలంగా ఉంటుంది కాబట్టి రోజూ లాగినంత గట్టిగా లాగక్కర్లేదు. చీలమండ ముందు భాగంలో, పాదాన్ని పైకెత్తినప్పుడు తీగల్లా ఉబికే స్నాయువుల (కండను ఎముకకు కలిపే తాళ్ల) దగ్గర నొప్పి మొదలైతే బిగువు ఎక్కువైందని అర్థం, వెంటనే సడలించండి.

పాదం పైన నొప్పి గానీ తిమ్మిరి గానీ ఉంటే, అంటే నా సమస్యే, చేయాల్సింది ఇంకా తేలిక. షూ వేసుకుని, నొప్పి ఉన్నచోట వేలు పెట్టి నొక్కి, దాని మీదుగా ఏ ఇంటూ పోతోందో చూసుకోండి. అక్కడిదాకా లేసు విప్పేయండి. ఆ చోట మాత్రం కొసను అవతలికి దాటించకుండా అదే వైపున నిలువుగా పై కన్నంలోకి తీసుకెళ్లండి, రెండు పక్కలా అలాగే. అక్కణ్ణుంచి మళ్లీ మామూలు ఇంటూలు. ఇప్పుడు పైనుంచి చూస్తే లేసుల మధ్య చిన్న కిటికీ తెరిచినట్టు ఖాళీ కనిపిస్తుంది, ఆ ఖాళీ కింద ఏ ఒత్తిడీ ఉండదు. పాదం వంపు బాగా ఎత్తుగా ఉన్నవాళ్లు రెండు చోట్ల కూడా ఇలా వదలొచ్చు. లేసు మార్చినా రెండు మూడు వారాల్లో తిమ్మిరి తగ్గకపోయినా, షూ విప్పాక కూడా ఉంటున్నా అది లేసు సంగతి కాదు, డాక్టర్‌కి చూపించండి.

ముందు భాగం వెడల్పుగా ఉండి వేళ్లు నలిగేవాళ్లు అన్నిటికంటే కింది జత కన్నాల్ని వదిలేసి రెండో జత నుంచి లేసు మొదలుపెట్టండి, అంతే.

బొటనవేలి గోరు నల్లబడేవాళ్లకు ఒక పద్ధతి చెప్తుంటారు: లేసు ఒక కొసను బొటనవేలి పక్కనున్న కింది కన్నం నుంచి ఏటవాలుగా నేరుగా అవతలివైపు పై కన్నానికి తీసుకెళ్లి, ముడికి సరిపడా కొస వదిలి, మిగతా పొడవుతో మిగిలిన కన్నాలన్నీ అటూ ఇటూ ఎక్కించడం. పైన లాగినప్పుడు బొటనవేలి మీది గుడ్డ కాస్త పైకి లేస్తుంది. పని చేస్తుంది, కానీ నేనైతే ముందు దీన్ని చెప్పను. గోరు నల్లబడేది ఎక్కువగా షూ పొట్టిదైనప్పుడు, లేదా మడమ పట్టు లేక పాదం ముందుకు జారి వేళ్లు షూ ముందు గోడకు కొట్టుకున్నప్పుడు. నిలబడి చూస్తే పొడవైన వేలికీ షూ కొసకీ మధ్య చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉందా? లేకపోతే ఏ లేసూ కాపాడదు. ఉంటే, ముందు పైన చెప్పిన మడమ పద్ధతి కట్టండి.

ఇప్పుడు ముడి. ఎంత బాగా ఎక్కించినా మధ్యలో ముడి ఊడితే అంతా వృథా, పైగా పడితే ప్రమాదం. 2017లో బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఇంజనీర్లు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తే కాలిని హైస్పీడ్ కెమెరాతో తీసి ముడి ఎలా ఊడుతుందో చూశారు. పాదం నేలను తాకే దెబ్బ గురుత్వాకర్షణకు దాదాపు 7 రెట్లు. ఆ దెబ్బకు ముడి సాగి సడలుతుంది, అదే సమయంలో ఊగుతున్న కొసలు కొరడాల్లా దాన్ని బయటికి లాగుతాయి. చాలాసేపు ఏమీ కానట్టే ఉండి, జారడం మొదలయ్యాక క్షణాల్లో మొత్తం విడిపోతుంది. కొసలు పొడవుగా వేలాడకూడదని చెప్పేది అందుకే.

మీ ముడి సంగతి ఇప్పుడే చూసుకోండి. కట్టాక దాని రెండు చెవులూ షూకి అడ్డంగా, ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ పడుకుని ఉన్నాయా? అయితే మంచి ముడి. ఒకటి వేళ్ల వైపూ ఇంకొకటి చీలమండ వైపూ నిలువుగా తిరిగిపోతున్నాయా? అది బలహీనమైన ముడి, అదే మాటిమాటికీ ఊడేది. సరిచేయడానికి కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు, చెవులు వేసే తీరు అలాగే ఉంచి, మొదట వేసే అడ్డముడిని మాత్రం తిప్పండి: ఎడమ కొస కుడి మీదుగా వేసేవాళ్లయితే కుడిది ఎడమ మీదుగా వేయండి. చెయ్యి పాత అలవాటుకే పోతుంది, ఓపిక పట్టండి, పది రోజుల్లో కుదురుతుంది. ఆ పైన ఇంకా భయం ఉంటే రెండు చెవులతో మరో ముడి వేసుకోవచ్చు, కాకపోతే తడిస్తే అది పీటముడై కూర్చుంటుంది. మిగిలిన చెవుల్నీ కొసల్నీ కింది అడ్డాల్లోకి దోపేయండి.

లేసు కూడా ముఖ్యమే. గుండ్రంగా నున్నగా ఉండేవి తొందరగా జారతాయి, బల్లపరుపుగా కాస్త గరుకుగా ఉండేవి పట్టుకుంటాయి. మడమ పద్ధతికి లేసు కొంచెం ఎక్కువ పడుతుంది, కొసలు మరీ పొట్టిగా మిగిలితే పొడవైన లేసు వేసుకోండి, సాగదీసి కట్టొద్దు.

కొత్త పద్ధతిని పోటీ రోజున మొదలుపెట్టకండి, చిన్న పరుగులు రెండు మూడు చేశాకే నమ్మండి. పరిగెత్తేకొద్దీ పాదం కొంచెం ఉబ్బుతుంది కాబట్టి, మొదటి పది నిమిషాల తర్వాత ఆగి ముడి సరిచూసుకోవడం అలవాటు చేసుకోండి. ఇక సరిగ్గా కుదిరిన రోజున, షూ విప్పే ముందు, పై కన్నంలోంచి లేసు బయటికొచ్చే చోట పెన్నుతో రెండువైపులా చిన్న చుక్క పెట్టుకోండి. మర్నాడు ఆ చుక్కలు కన్నం దగ్గరికి వచ్చేదాకా లాగితే చాలు, అదే బిగువు వస్తుంది.