వెనుక వచ్చేవారికి బండి కనిపించాలంటే – మూడవ పాఠం: వెనుక దీపాలు, రిఫ్లెక్టర్లు

గత రెండు పాఠాలలో బ్యాటరీ పరీక్షను, మల్టీమీటరు వాడకాన్ని నేర్చుకున్నాం. ఈ పాఠానికి ఆ రెండూ అవసరమే. అయితే పనిముట్లు చేత పట్టుకునే ముందు, వెనుక నుంచి వచ్చే డ్రైవరు కంటికి మన బండి ఎలా కనిపిస్తుందో తెలుసుకోవాలి.

రాత్రివేళ చౌటుప్పల్ దాటి సూర్యాపేట వైపు జాతీయ రహదారి మీద వెళ్లే లారీ డ్రైవరుకు ముందున్న మోటారు సైకిలు ఒక ఎర్ర చుక్కగా మాత్రమే కనిపిస్తుంది. కారుకు వెనుక రెండు దీపాలు ఉంటాయి కనుక, దగ్గరవుతున్నకొద్దీ వాటి మధ్య ఎడం పెరుగుతున్నట్టు తోస్తుంది. ఆ పెరుగుదలను బట్టే కన్ను దూరాన్ని, వేగాన్ని అంచనా వేస్తుంది. ఒంటి చుక్కలో ఆ ఎడం లేదు. అది యాభై మీటర్లలో ఉన్న మసక దీపమో, రెండు వందల మీటర్ల అవతల ఉన్న మంచి దీపమో తేల్చుకోవడానికి కంటికి ఆధారం దొరకదు. లారీ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో, మీ బండి 45 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే, మీ ఇద్దరి మధ్య దూరం సెకనుకు దాదాపు 10 మీటర్ల చొప్పున తరుగుతుంది. అంటే యాభై మీటర్లు కరిగిపోవడానికి ఐదు సెకన్లు చాలు.

అందువల్ల మనం సాధించవలసింది మిరుమిట్లు గొలిపే వెలుగు కాదు, వెడల్పు ఉన్న ఆకారం. చాలామంది ఇక్కడే పొరబడి, టెయిల్ దీపం ఎంత కాంతివంతంగా ఉంటే అంత మేలని దుకాణంలోని అన్నిటికంటే పెద్ద ఎల్‌ఈడీని బిగించుకుంటారు. టెయిల్ దీపం, బ్రేక్ లైటు ఒకే అద్దం వెనుక ఉండే బండ్లలో ఇది ప్రమాదకరమైన పని. సాధారణంగా ఆ బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి: 5 వాట్లది ఎప్పుడూ వెలుగుతుంది, 21 వాట్లది బ్రేకు నొక్కినప్పుడు తోడవుతుంది. కొన్ని చిన్న బండ్లలో ఇది 5, 10 వాట్ల జత. ఆ తేడా ఉంది కనుకనే వెనుకవాడికి మీరు ఆగుతున్నారని తెలుస్తుంది. మొదటి వెలుగును పెంచేస్తే రెండవ వెలుగు అందులో మునిగిపోతుంది.

కొత్త దీపం కొనే ముందు ఉన్న దీపం పూర్తి శక్తితో వెలుగుతున్నదో లేదో చూడండి. టెయిల్ అద్దాన్ని విప్పి, లోపలి దుమ్మును సబ్బునీటితో కడిగి ఆరబెట్టండి. నల్లటి స్మోక్ స్టిక్కరు అంటించి ఉంటే తీసేయండి. తరువాత మల్టీమీటరును డీసీ వోల్టుల స్థానంలో పెట్టి, ఒక కొసను బల్బు హోల్డరు లోహపు అంచుకు, రెండవ కొసను బ్యాటరీ నెగటివుకు తాకించి, బ్రేకు నొక్కి పట్టుకోండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్తు, అంటే కరెంటు బ్యాటరీ నెగటివుకు తిరిగి వెళ్లే దారి, చెడిందని అర్థం. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, ఫిలమెంటు బల్బుకు అందే వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. తుప్పును ఎమరీ కాగితంతో గీకి, బోల్టును మళ్లీ బిగించిన తరువాత, కొత్త దీపం అవసరమే లేదనిపించిన బండ్లను నేను చూశాను.

బ్రేకు స్విచ్చులు రెండు: ఒకటి చేతి లీవరు వద్ద, మరొకటి కాలి పెడల్ దగ్గర స్ప్రింగుతో. రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి. పెడల్ బాగా కిందికి దిగాక గాని లైటు వెలగకపోతే, స్విచ్చు ఒంటిని తిరగకుండా పట్టుకొని దాని నట్టును తిప్పి సరిచేయాలి. స్విచ్చు ఒళ్లంతా తిరిగితే లోపలి వైర్లు మెలితిరిగి తెగుతాయి.

ఫిలమెంటు బల్బు పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదోవంతు సమయం పడుతుంది. ఎల్‌ఈడీ తక్షణమే వెలుగుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఆ తేడా నాలుగు మీటర్లకు పైగా ఉంటుంది కనుక, బల్బును ఎల్‌ఈడీగా మార్చుకోవడంలో అర్థముంది. ఎర్ర అద్దం వెనుక ఎర్ర ఎల్‌ఈడీ మేలని అంటారు, అది నిజమే. అయితే నంబరు ప్లేటు మీదికి వెలుగునిచ్చే తెల్లటి కిటికీ అదే దీపం అడుగున ఉంటే తెల్ల ఎల్‌ఈడీనే ఎంచుకోవాలి, ఎందుకంటే ప్లేటు మీద తెల్లని వెలుగు పడాలన్నది నిబంధన.

ఇక రిఫ్లెక్టర్ల విషయం. నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికంటే విలువైన భాగం ఇదే, ఎందుకంటే రిఫ్లెక్టరుకు బ్యాటరీ అక్కరలేదు, ఫ్యూజు పోయినా అది పనిచేస్తుంది, ఇంజను ఆగి చీకట్లో రోడ్డు పక్కన నిలబడిన బండికి అదే దిక్కు. ముఖం చూసుకునే మామూలు అద్దం ఏటవాలుగా పడిన వెలుగును మరో పక్కకు మళ్లిస్తుంది. రిఫ్లెక్టరులోని సూక్ష్మమైన పట్టకాలు గానీ గాజు పూసలు గానీ వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. అందుకే హెడ్‌లైటు పక్కనే కూర్చున్న డ్రైవరు కళ్లకు అది మెరుస్తుంది. వెలుగు అందనిదే అది మెరవదు కనుక, దానిని ఎక్కడ అంటిస్తామన్నది ముఖ్యం. డిమ్ చేసిన హెడ్‌లైటు వెలుగు కిందికి వాలి ఉంటుంది. మడ్‌గార్డు చివర, నంబరు ప్లేటుకు ఇరువైపులా అంటించిన రిఫ్లెక్టరు పట్టీ మీద అది బాగా పడుతుంది. హెల్మెట్టు వెనుక అంటించిన పట్టీ బ్రైట్‌లో మెరిసినంతగా డిమ్‌లో మెరవదు. అయినా హెల్మెట్టు మీద ఒకటి ఉండాలి, ఎందుకంటే కింద రెండు, పైన ఒకటి కలిస్తే డ్రైవరు కంటికి త్రికోణం ఏర్పడుతుంది. చుక్క ఆకారంగా మారేది అక్కడే.

వెనుకకు ఎరుపు మాత్రమే వాడండి. కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం ఇండికేటర్ల కాషాయ రంగు, ప్లేటు వెలుగు వంటి మినహాయింపులు తప్ప, వెనుకకు ఎరుపు కాని దీపం చూపకూడదు, ముందుకు ఎరుపు చూపకూడదు. పట్టీల విషయంలోనూ అదే క్రమం పాటిస్తే ఎదురొచ్చే బండో, ముందుపోయే బండో ఎవరికీ అనుమానం రాదు. 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీని ముక్కలుగా కత్తిరించి, మూలలను గుండ్రంగా చేయండి. పదునైన మూలలే ముందుగా లేస్తాయి. అంటించే చోటును స్పిరిటుతో తుడిచి, పట్టీని మధ్య నుంచి అంచులకు వేలితో గట్టిగా నొక్కి, ఒక రోజు వరకు నీళ్లు తగలనివ్వకండి. హెల్మెట్టును మాత్రం సబ్బునీటితోనే తుడవాలి. పెట్రోలు, థిన్నరు దాని డొప్పను దెబ్బతీస్తాయి. సైలెన్సరు వేడికి జిగురు నిలవదు. నంబరు ప్లేటు మీద ఏదీ అంటించకూడదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు వస్తున్న హై సెక్యూరిటీ ప్లేటు ఎలాగూ వెలుగు పడితే రిఫ్లెక్టరులాగే మెరుస్తుంది.

అదనపు దీపాలుగా 3 వాట్ల ఎర్ర ఎల్‌ఈడీలు రెండు చాలు. వీటిని గ్రాబ్ రైలుకు, అంటే వెనుక కూర్చున్నవారు పట్టుకునే కడ్డీకి, రెండు కొసలా, వీలైనంత ఎడంగా, ఇండికేటరుకు కనీసం జానెడు దూరంలో బిగించండి. మరీ దగ్గరైతే ఎరుపు వెలుగులో ఇండికేటరు మిణుకు కనిపించదు. టపటపా కొట్టుకునే దీపాలు చూపును లాగుతాయి గానీ దూరాన్ని చెప్పవు, కనుక వాటిని నేను సూచించను.

ఈ రెండింటినీ బ్రేక్ లైటు వైరుకు కలుపుతాం. రెండూ కలిసి తీసుకునే కరెంటు అర ఆంపియరు. 21 వాట్ల బల్బు ఒక్కటే 1.75 ఆంపియర్లు తీసుకుంటుంది కనుక బ్రేకు స్విచ్చుకు ఇది పెద్ద బరువు కాదు, రిలే, అంటే పెద్ద కరెంటును మోసే విడి స్విచ్చు, అక్కరలేదు. అర చదరపు మిల్లీమీటరు వైరు, దారిలో 1 ఆంపియరు ఫ్యూజు సరిపోతాయి. హోండా పరంపర బండ్లలో సాధారణంగా పచ్చ వైరు ఎర్తు, గోధుమరంగు వైరు టెయిల్ దీపానిది, పచ్చ మీద పసుపు గీత ఉన్నది బ్రేక్ లైటుది. అయినా రంగును నమ్మకుండా, బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే 12 వోల్టులు చూపే వైరును మీటరుతో వెతికి పట్టుకోండి. పాత బండ్లు కొన్నింటిలో టెయిల్ దీపం ఇంజను తిరిగినప్పుడు పుట్టే ఏసీ కరెంటుతో వెలుగుతుంది. ఎల్‌ఈడీని దానికి కలిపితే మిణుకుమిణుకుమంటుంది. ఈ కారణం చేత కూడా మొదటిసారి చేసేవారు బ్రేకు వైరుకే కలపడం క్షేమం.

ఒకే దీపాన్ని టెయిల్ వైరుకు, బ్రేకు వైరుకు నేరుగా కలపవద్దు. అలా కలిపితే టెయిల్ కరెంటు బ్రేకు వైరులోకి ఎదురెక్కి, బ్రేక్ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. రెండు వెలుగులూ కావాలంటే, లోపలే రెండు స్థాయిలు, మూడు వైర్లు ఉన్న దీపాన్ని కొనండి. అతుకులను మెలితిప్పి టేపు చుడితే తొలి వానకే నీరు దిగుతుంది. సోల్డరు చేసి, వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు తొడిగి, వైరును సీటు కింద ఫ్రేముకు కట్టండి.

ఈ వారం అభ్యాసం. చీకటి పడ్డాక, రాకపోకలు లేని చోట బండిని స్టాండు వేసి, తెలిసినవారిని దాని మీద కూర్చోబెట్టి, వంద మీటర్లు వెనక్కి నడిచి చూడండి. మొదట టెయిల్ దీపం ఒక్కటే, తరువాత బ్రేకు నొక్కి, చివరగా తాళం తీసేసి మరొక బండి డిమ్ లైటు వెలుగులో, ఇలా మూడుసార్లు చూసి కనిపించిన ఆకారాన్ని పుస్తకంలో గీసుకోండి. బ్రేకు ఎప్పుడు నొక్కారో కూర్చున్నవారు చెప్పకుండానే మీరు ప్రతిసారీ గుర్తించగలగాలి. రెండు స్థాయిల దీపం పెట్టి అలా గుర్తించలేకపోతే, దాని టెయిల్ వైరును విప్పేసి, బ్రేకు వైరును మాత్రమే ఉంచి, మరునాటి రాత్రి మళ్లీ అక్కడికే వెళ్లి చూడండి.