పక్షవాతం మందుల ట్రయల్ రిపోర్టు చదవడం నేర్చుకుందాం – 3వ భాగం: రాంకిన్ స్కేలు

కిందటి భాగంలో మందుని ఎలుకల మీద పరీక్షించే దగ్గర ఆగాం. ఇప్పుడు మనుషుల మీద చేసిన ట్రయల్ రిపోర్టు చేతికొచ్చింది అనుకోండి, స్కానింగ్ బొమ్మలు తర్వాత చూద్దురు గానీ, మూడు నెలలకి పేషెంటు ఎలా ఉన్నాడో ముందు చూడండి. దాన్ని కొలిచేదే మోడిఫైడ్ రాంకిన్ స్కేలు. 0 అంటే ఏ ఇబ్బందీ లేదు, 5 అంటే మంచం మీదే, 6 అంటే చనిపోయారు. అసలు కీలకం 2కీ 3కీ మధ్య ఉంది: 2లో ఉన్నాయన పాత పనులన్నీ చెయ్యలేకపోయినా తన స్నానం, తన డబ్బు లెక్కలు తనే చూసుకుంటాడు, 3లో ఉన్నాయన తనంతట తనే నడుస్తాడు గానీ మిగతా పనుల్లో కొంత సాయం కావాలి. చాలా ట్రయల్స్ ఇక్కడే గీత గీస్తాయి. కొన్ని మాత్రం గీత లేకుండా, మొత్తం మెట్ల మీద జనం ఎటు జరిగారో లెక్కేస్తాయి.

ఆస్ట్రాజెనెకా వాళ్ళ ఎన్‌ఎక్స్‌వై-059 చూడండి, పక్షవాతంలో మెదడు కణాలు చావకుండా కాపాడాలని తెచ్చిన మందు. 2006లో సెయింట్-1 అనే ట్రయల్, సుమారు 1,700 మంది, రాంకిన్ మెట్ల మీద కాస్త మెరుగు, పీ విలువ 0.038 (అంటే మందు పనిచెయ్యకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం సుమారు 4 శాతమే). జనం సంబరపడ్డారు. కానీ అదే రిపోర్టులో నరాల పరీక్ష స్కోరులో (ఎన్‌ఐహెచ్ స్కేలు) తేడా రాలేదు. మెదడు కణాలు నిజంగా బతికుంటే చేతి బలం, మాట కూడా బాగుపడాలిగా? చదివేటప్పుడు ఈ అనుమానం రావాలి, అంతే. సెయింట్-2లో సుమారు 3,300 మందిని తీసుకుంటే ఆ కాస్త మెరుగు కూడా మిగల్లేదు.

ఇక మీ వంతు. నెరినెటైడ్ మందు (ఇదీ మెదడు కణాల్ని కాపాడాలని చేసిందే), ఎస్కేప్-ఎన్‌ఏ1 ట్రయల్, 2020, 1,105 మంది, అందరికీ రక్తనాళంలోకి గొట్టం పంపి గడ్డ తీశారు. 0–2 మెట్లలో మందు వాళ్ళు 61.4 శాతం, డమ్మీ మందు వాళ్ళు 59.2. తేడా లేనట్టే. అయితే గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ ఇంజెక్షన్ ఇవ్వనివాళ్ళని విడిగా చూస్తే 59.3, 49.8! కారణం కూడా సబబుగానే ఉంది: ఆల్టెప్లేజ్ వల్ల పుట్టే ప్లాస్మిన్ అనే ఎంజైము ఈ మందుని ముక్కలు చేసేస్తుంది. నమ్ముతారా లేదా, ఇక్కడ ఆగి కాగితం మీద రాసుకోండి, కిందకి చూడకుండా.

రాశారా? తర్వాత గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వనివాళ్ళనే తీసుకుని ఎస్కేప్-నెక్స్ట్ అనే ట్రయల్ నడిపారు. ప్రయోజనం కనబడలేదు. అందుకే విడదీసిన గుంపులో వచ్చిన అంకె ఎంత ఊరించినా, దాని పక్కన "మళ్ళీ పరీక్షించాలి" అని పెన్సిల్‌తో రాసుకోండి, కారణం ఎంత అందంగా అమరినా సరే. వచ్చే భాగంలో ఎన్‌ఐహెచ్ స్కేలు మార్కులు ఎలా వేస్తారో చూద్దాం.