బాగ్దాదు నుంచి టొలెడో దాకా, మూడో పాఠం: చతురస్రం పూర్తి చేయడం

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కలు చేయకపోతే ముందు అవి చేసి రండి, ఎందుకంటే ఈసారి నేరుగా వర్గ సమీకరణాల్లోకి దిగుతున్నాం. స్కూల్లో బట్టీ పట్టిన ఫార్ములా కాసేపు పక్కన పెట్టండి. కాగితం, స్కేలు, పెన్సిల్ చాలు.

లెక్క ఇది. ఒక సంఖ్య వర్గానికి అదే సంఖ్యకు పది రెట్లు కలిపితే 39 వచ్చింది, ఆ సంఖ్య ఎంత? 820 ప్రాంతంలో, ఖలీఫా అల్ మామూన్ ఏలుబడిలో, గణిత పండితుడు అల్ ఖ్వారిజ్మీ బాగ్దాదులో తన బీజగణితం పుస్తకంలో రాసిన లెక్క ఇది. ఆయన పుస్తకంలో ఎక్స్ లేదు, ఈక్వల్ గుర్తు లేదు, సంఖ్యలన్నీ మాటల్లోనే ఉంటాయి.

ఒక చతురస్రం గీయండి. దాని భుజమే మనకు కావాల్సిన సంఖ్య, అదెంతో ఇంకా తెలీదు కాబట్టి ఎంత పెట్టినా ఫరవాలేదు. పదిని నాలుగు భాగాలు చేస్తే ఒక్కోటి రెండున్నర. చతురస్రానికి నాలుగు పక్కలా రెండున్నర వెడల్పు పట్టీ ఒక్కోటి గీయండి. నాలుగు పట్టీలూ కలిపితే ఆ సంఖ్యకు పది రెట్లు, కాబట్టి చతురస్రం, పట్టీలు అన్నీ కలిపి వైశాల్యం 39. ఇప్పుడు బొమ్మ చూడండి, నాలుగు మూలలూ ఖాళీగా ఉన్నాయి. ఒక్కో మూల వైశాల్యం 6.25, నాలుగూ కలిపి 25. అవి కూడా పూడిస్తే 64 వైశాల్యం ఉన్న పెద్ద చతురస్రం వచ్చింది, దాని భుజం 8, అందులోంచి అటు రెండున్నర ఇటు రెండున్నర తీసేస్తే 3. సరిచూసుకోండి: 9, 30 కలిపితే 39. చాలామంది ఒక వైపే తీసేసి 5.5 దగ్గర ఆగిపోతారు, అక్కడ జాగ్రత్త.

ఫార్ములా వాడితే −13 కూడా వస్తుంది కదా అంటారా? ఆయనకు అది భుజం పొడవు, రుణ సంఖ్య ఎలా అవుతుంది? అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, అందుకే మనం ఒక్క ఫార్ములాతో తేల్చేసే సమీకరణాలను ఆరు రకాలుగా విడగొట్టి చెప్పాల్సి వచ్చింది.

1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ స్పెయిన్‌లోని సెగోవియాలో ఈ పుస్తకాన్ని లాటిన్‌లోకి తెచ్చాడు. టాలమీ రాసిన ఖగోళ గ్రంథం ఆల్మగెస్ట్ కోసం ఇటలీ నుంచి స్పెయిన్‌లోని టొలెడో వెళ్లి, 1187లో చనిపోయేదాకా అరబిక్ పుస్తకాలు అనువదించిన క్రెమోనా గెరార్డ్ కూడా దీన్ని అనువదించాడు. టొలెడో 1085లోనే క్రైస్తవ రాజు చేతికి వచ్చింది, అరబిక్ పుస్తకాలూ ఆ భాష తెలిసినవాళ్లూ మాత్రం ఊళ్లోనే ఉన్నారు. ఇస్లామిక్ చట్టం ప్రకారం ఆస్తి పంపకాల లెక్కలు మూలంలో చాలా పేజీలున్నాయి, లాటిన్‌లోకి అవి రాలేదు. చతురస్రం బొమ్మలు వచ్చాయి. నాకు ఇది చాలా పెద్ద విషయం అనిపిస్తుంది. బొమ్మతో రుజువు చూపడం గ్రీకుల దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి, వాళ్లలో ఒకడైన యూక్లిడ్ జ్యామితి పుస్తకం అప్పటికే బాగ్దాదులో అరబిక్‌లో దొరికేది. అలాంటి రుజువు ముందుంటే రాసినవాడి మతం ఏదైనా, మాట నమ్మాల్సిన పని లేదు, చదివేవాడు తనే గీసి తేల్చుకుంటాడు. ఇప్పటి అల్జీరియాలో ఉన్న బుగియాలో చిన్నప్పుడే మన భారతీయ అంకెలు నేర్చుకున్న ఇటలీలోని పీసాకు చెందిన గణిత పండితుడు ఫిబొనాచీ, 1202 నాటి తన పుస్తకంలో ఇదే పది, ఇదే 39 పెట్టి లెక్క చేశాడు.

ఇక మీ వంతు. సంఖ్య వర్గానికి అదే సంఖ్యకు ఆరు రెట్లు కలిపితే 40. వర్గానికి ఎనిమిది రెట్లు కలిపితే 33. వర్గానికి ఐదు రెట్లు కలిపితే 24. మూడోదానికి నాలుగు పట్టీలు గీస్తే భిన్నాలతో తలనొప్పి, పక్కపక్కనున్న రెండు భుజాలకే రెండున్నర వెడల్పు పట్టీలు గీయండి, అప్పుడు పూడ్చాల్సిన మూల ఒక్కటే. అల్ ఖ్వారిజ్మీ ఈ రెండో రకం బొమ్మ కూడా ఇచ్చాడు. జవాబులు వరుసగా 4, 3, 3. బొమ్మ గీయకుండా జవాబు చూసుకుంటే మాత్రం ఈ పాఠం చదివినట్టు కాదు.

వచ్చే పాఠంలో తన వర్గానికి 21 కలిపితే తనకే పది రెట్లు అయ్యే సంఖ్య కనుక్కుందాం. దానికి జవాబులు రెండున్నాయి, రెండూ ఆయన చెప్పాడు. ఈలోగా మీరే ప్రయత్నించండి, ఈసారి కలపడం కాదు, కోయాల్సి వస్తుంది.