ఏటీసీ స్పిండిల్ పాఠాలు – 3: గాలిని సిద్ధం చేయడం

రెండో పాఠం చివర ఏటీసీ (ఆటోమేటిక్ టూల్ ఛేంజర్) స్పిండిల్‌ను, అంటే యంత్రంలో కోత పనిముట్టును (టూల్‌ను) పట్టుకుని తిప్పే భాగాన్ని బిగించాం, దాని వేగాన్ని నడిపే ఇన్వర్టరు తీగలు కలిపాం. అయితే ఇంకా తిప్పవద్దని గట్టిగా చెప్పి ఆపాను. కారణం గాలి. టూల్‌ను తానే మార్చుకునే స్పిండిల్‌ను సీలు గాలి అందకుండా ఒక్క నిమిషం కూడా తిప్పకూడదు. ఈ పాఠం పూర్తయ్యేదాకా ఇన్వర్టరుకు కరెంటు ఇవ్వకండి.

స్పిండిల్‌కు గాలితో మూడు పనులు ఉంటాయి. మొదటిది టూల్‌ను వదిలించడం. స్పిండిల్ నడిమధ్య డ్రాబార్ అనే కడ్డీ ఉంటుంది. దాని చుట్టూ డిస్క్ స్ప్రింగులు దొంతరగా పేర్చి ఉంటాయి. ఐఎస్‌ఓ 30, బీటీ 30 వంటి టేపర్లలో (హోల్డరు కూర్చునే శంకువు ఆకారపు గుంటల రకాలు) ఈ స్ప్రింగులే, టూల్‌ను బిగించే హోల్డరు వెనక ఉన్న పుల్ స్టడ్ అనే బొడిపెను పైకి లాగి పట్టుకుంటాయి. అంటే టూల్‌ను పట్టి ఉంచేది గాలి కాదు. గాలి చేసేదల్లా పైన ఉన్న పిస్టన్‌ను నెట్టి, స్ప్రింగులను అణచి, ఆ పట్టు విడిపించడమే. గాలి పోయినా టూల్ జారిపడకుండా ఉండటానికి ఇలా కట్టారు.

రెండోది, టూల్ బయటికి వచ్చాక టేపరు మీద రేణువులు నిలవకుండా ఊదడం. మూడోది సీలు గాలి. ముందు బేరింగుకు బయట, షాఫ్టుకూ మూతకూ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. ఆ సందులోంచి తక్కువ పీడనంలో గాలి ఎప్పుడూ బయటికి పోతూ ఉంటే దుమ్ము, కూలెంటు తుంపర లోపలికి రాలేవు.

టూల్ మార్పిడి చప్పుడుతో, కదలికతో కళ్ల ముందు జరుగుతుంది కాబట్టి కొత్తవాళ్ల దృష్టంతా దాని మీదే ఉంటుంది. సీలు గాలి కంటికి కనిపించదు, చెవికి సరిగా వినిపించదు. కానీ కంప్రెసరు ఎంత పెద్దది కావాలో, గాలి ఎంత పొడిగా ఉండాలో నిర్ణయించేది ఈ మూడోదే. స్పిండిల్ ఆయుష్షు కూడా దాని చేతిలోనే ఉంది. లెక్క వేసి చూద్దాం.

పిస్టన్ వ్యాసం 80 మి.మీ., అది కదిలే దూరం 12 మి.మీ. అనుకోండి. సిలిండరులో పట్టే గాలి 0.06 లీటరు. 6 బార్ గేజీ పీడనం అంటే వాతావరణ పీడనంతో కలిపి 7 బార్. కాబట్టి మామూలు గాలి లెక్కలో అది 0.42 లీటరు. వాల్వు నుంచి సిలిండరు దాకా ఉన్న ట్యూబు నింపడానికి పట్టేది కూడా కలిపితే ఒక మార్పిడికి దాదాపు ఒక లీటరు. గంటకు ముప్ఫైసార్లు టూల్ మార్చినా ముప్ఫై లీటర్లే. సీలు గాలి మాటేమిటి? నిమిషానికి 50 లీటర్లు అనుకుంటే గంటకు 3,000 లీటర్లు. అంటే వంద రెట్లు! మీ స్పిండిల్‌కు అసలు సంఖ్య ఎంతో దాని మాన్యువల్‌లో ఉంటుంది. దాన్నే వాడండి. లెక్క వేసే తీరు మాత్రం మారదు.

కంప్రెసరును ఎంచుకునేటప్పుడు ఆ సంఖ్యకు టేపరు ఊదే గాలిని, టూల్ రాక్ మూత, డస్ట్ షూ (దుమ్మును పీల్చే మూతి) సిలిండర్లు వాడే గాలిని కలపండి. తుంపరతో చల్లబరిచే ఏర్పాటు ఉంటే దాన్నీ మరవకండి, అది చాలా తింటుంది. వచ్చిన మొత్తానికి రెట్టింపు గాలిని ఇవ్వగల కంప్రెసరు కావాలి. పిస్టన్ కంప్రెసరు సగం సమయమైనా ఆగి చల్లబడాలి మరి. ఇంకో జాగ్రత్త. చాలా కంప్రెసర్ల పలక మీద రాసి ఉండేది సిలిండరు లోపలికి పీల్చే ఘనపరిమాణం. పీడనంలో నిజంగా బయటికి ఇచ్చే గాలి దానికన్నా బాగా తక్కువ. ఆ రెండో సంఖ్యను అడిగి తెలుసుకోండి.

నీటి సంగతి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనమీటరు గాలి గరిష్ఠంగా 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. తేమ 60 శాతం ఉన్న రోజున అందులో 18 గ్రాములు ఉంటాయి. ఆ గాలిని 7 బార్ గేజీ పీడనానికి కుదిస్తే ఘనపరిమాణం ఎనిమిదో వంతు అవుతుంది. తిరిగి 30 డిగ్రీలకు చల్లబడ్డాక అది మోయగలిగేది నాలుగు గ్రాముల లోపే. మిగిలిన 14 గ్రాములూ నీరైపోతాయి. గంటకు మూడు ఘనమీటర్ల సీలు గాలి చొప్పున ఎనిమిది గంటల్లో ఇలా పోగయ్యే నీరు లీటరులో మూడో వంతు. దానికి ట్యాంకులో దారి చూపకపోతే బేరింగుల్లో దారి వెతుక్కుంటుంది.

మొదటిసారి ఈ ఏర్పాటు చేసినప్పుడు నేను నీటిని వేరుచేసే ఫిల్టరును కంప్రెసరు మూతి దగ్గరే పెట్టాను. కప్పులో చుక్క నీరు కనిపించకపోతే గాలి పొడిగా ఉందని సంతోషించాను. మూడు వారాల తర్వాత టేపరు లోపల సన్నని తుప్పు గీత కనిపించింది. ఫిల్టరు చెడిపోలేదు, నేను పెట్టిన చోటే తప్పు. కంప్రెసరు నుంచి అప్పుడే వచ్చే గాలి వేడిగా ఉంటుంది, నీరు ఇంకా ఆవిరిగానే ఉంటుంది. ఫిల్టరు చుక్కలను పట్టగలదు గానీ ఆవిరిని పట్టలేదు. ఆ ఆవిరి ఫిల్టరును దాటి, గొట్టంలో చల్లబడి, స్పిండిల్ దగ్గర నీరైంది.

కాబట్టి ముందు చల్లబరచాలి, తర్వాత నీటిని వేరు చేయాలి, ఆ తర్వాత ఆరబెట్టాలి. కంప్రెసరు తర్వాత చల్లబరిచే కాయిలు, ఆపైన ట్యాంకు, దాని తర్వాత నీటిని పట్టే ఫిల్టరు, ఆపైన రిఫ్రిజరేషన్ డ్రైయరు. ఈ డ్రైయరు గాలిని 3 డిగ్రీల దాకా చల్లబరచి నీటిని రాలుస్తుంది. సంపీడిత గాలి శుభ్రతను కొలిచే ఐఎస్‌ఓ 8573-1 ప్రమాణంలో ఇది నీటికి 4వ తరగతి. అదే ప్రమాణంలో మొదటి అంకె రేణువులకు, రెండోది నీటికి, మూడోది నూనెకు. మీ స్పిండిల్ మాన్యువల్‌లో మూడంకెలు వరుసగా కనిపిస్తే వాటిని ఇలా చదవాలి. నీటికి 2వ తరగతి అడిగితే డ్యూ పాయింటు (ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) మైనస్ 40 డిగ్రీలు కావాలి. దానికి రిఫ్రిజరేషన్ డ్రైయరు చాలదు, తేమను పీల్చే గుళికల డ్రైయరు పెట్టాలి. గొట్టం మంచు పడే చోటి గుండా వెళ్తుంటే కూడా అంతే.

డ్రైయరు దాటాక మొదట 5 మైక్రాన్ల ఫిల్టరు, దాని వెనక నూనె తుంపరను పట్టే 0.01 మైక్రాన్ కోయలెసింగ్ ఫిల్టరు. ఈ వరుస తారుమారైతే రెండోది త్వరగా మూసుకుపోతుంది. ఈ లైన్లో ఎక్కడా నూనె కలిపే లూబ్రికేటరు పెట్టకండి. గ్రీజు బేరింగుల స్పిండిల్‌కు నూనె గాలి వెళ్తే గ్రీజు పాడవుతుంది. గాలి సామగ్రి సెట్లలో లూబ్రికేటరు కలిసే వస్తుంది కాబట్టి ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. తీసి పక్కన పెట్టేయండి.

పీడనం, గొట్టాలు

వదిలించే పిస్టన్ బలం లెక్క తేలికే. 80 మి.మీ. పిస్టన్ మీద 6 బార్ అంటే దాదాపు 3,000 న్యూటన్లు, 5 బార్ అంటే 2,500. స్ప్రింగులు అణగడానికి 2,800 కావాలంటే 5 బార్ వద్ద టూల్ సగం కదిలి ఆగిపోతుంది. గేజీలో 6 చూపిస్తూనే ఇలా జరగవచ్చు. గాలి కదలనప్పుడు గేజీ చూపేది ఒకటి, వాల్వు తెరుచుకున్న క్షణంలో స్పిండిల్ దగ్గర ఉండేది మరొకటి. సన్నని ట్యూబు, ఇరుకైన క్విక్ కప్లరు, మురికి పట్టిన ఫిల్టరు ఆ తేడాను తెస్తాయి. అందుకే ఒక గేజీని స్పిండిల్ పక్కనే పెట్టి, టూల్ వదిలే క్షణంలో ముల్లు ఎంత పడుతుందో చూడాలి. యంత్రం దాకా 12 మి.మీ., వదిలించే పోర్టుకు కనీసం 8 మి.మీ. ట్యూబు వేయండి. స్పిండిల్ దగ్గర 6 బార్ కావాలంటే, డ్రైయరు, ఫిల్టర్లు తినే పీడనాన్ని కూడా లెక్కేసి, కంప్రెసరు తిరిగి మొదలయ్యే పీడనాన్ని 7 బార్‌కు తగ్గకుండా పెట్టండి. మాన్యువల్ చెప్పిన గరిష్ఠాన్ని మాత్రం దాటించకండి. కొన్ని నిర్మాణాల్లో ఆ అదనపు బలం నేరుగా బేరింగుల మీద పడుతుంది.

గోడ వెంట వేసే గొట్టానికి పీవీసీ వద్దే వద్దు. అది పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

సీలు గాలికి విడిగా చిన్న రెగ్యులేటరు, విడిగా గేజీ ఉండాలి. దాని కొమ్మను ఎమర్జెన్సీ స్టాపులో గాలి వదిలేసే వాల్వుకు ముందే తీసుకోండి. స్టాపు నొక్కినప్పుడు స్పిండిల్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఆ సమయంలో సీలు గాలి పోకూడదు. పని అయ్యాక కూడా వెంటనే కట్టేయవద్దు. వేడెక్కిన స్పిండిల్ చల్లబడేటప్పుడు లోపలి గాలి కుంచించుకుపోయి బయటి గాలిని పీల్చుకుంటుంది. చుట్టూ తేలే దుమ్ము దానితోపాటే లోపలికి వెళ్తుంది.

తిరిగేటప్పుడు వదలకూడదు

టూల్ వదిలే వాల్వుకు దాన్ని కరెంటుతో తెరిచే కాయిలు ఒకటే ఉండాలి, కరెంటు పోతే స్ప్రింగుతో మూసుకోవాలి. రెండు కాయిళ్లుండి చివరి స్థితిలోనే నిలిచిపోయే వాల్వు ఇక్కడ పనికిరాదు. సిలిండరుకు ఒకవైపే గాలి అయితే 3/2 వాల్వు (మూడు పోర్టులు, రెండు స్థితులు), రెండువైపులా అయితే 5/2 (ఐదు పోర్టులు, రెండు స్థితులు). చాలా వాల్వుల మీద చేత్తో నొక్కే చిన్న బొత్తం ఉంటుంది. దానికి మూత వేయండి.

కాయిలుకు వెళ్లే తీగలో వరుసగా, స్పిండిల్ ఆగిందని చెప్పే రిలే కాంటాక్టు ఉండాలి. సాఫ్ట్‌వేరును మాత్రమే నమ్మవద్దు. ఇక్కడొక మోసం ఉంది. ఇన్వర్టరు ఇచ్చే ‘వేగం సున్నా’ సంకేతం చాలాసార్లు దాని సొంత అవుట్‌పుట్ గురించే చెబుతుంది. ఏదో లోపంతో ఇన్వర్టరు ట్రిప్ అయితే దాని అవుట్‌పుట్ సున్నా అవుతుంది, షాఫ్టు మాత్రం వేల చుట్లతో తిరుగుతూనే ఉంటుంది. ఆ క్షణంలో పిస్టన్ డ్రాబార్ మీదికి దిగితే స్పిండిల్ అక్కడితో అయిపోయినట్టే. స్పిండిల్‌లోనే తిరుగుడును చూసే సెన్సరు ఉంటే దాన్ని వాడండి. లేకపోతే, తనంతట తాను ఆగడానికి పట్టే సమయం కన్నా ఎక్కువ ఆలస్యం పెట్టిన టైమరు రిలే వేయండి.

గాలి బయటికి పోయే సైలెన్సరును కూడా నెలకోసారి విప్పి చూడండి. అది దుమ్ముతో మూసుకుపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, తిరిగే డ్రాబార్‌కు రాసుకుంటుంది.

రెండు ప్రెషర్ స్విచ్చులు కావాలి. వదిలించే లైన్లో పీడనం చాలకపోతే టూల్ మార్పిడి మొదలవకూడదు. సీలు లైన్లో గాలి లేకపోతే స్పిండిల్ తిరగకూడదు.

ఈ పాఠానికి మీ పని

ట్యూబులను ఇంకా స్పిండిల్‌కు కలపకండి. పది నిమిషాలు గాలి వదిలి లోపలి ముక్కలు, ధూళి బయటికి పోనివ్వండి. తర్వాత ట్యూబు మూతికి ఎదురుగా తెల్లకాగితం పట్టి మరో పది నిమిషాలు ఉంచండి. చెమ్మ గానీ, నూనె మరక గానీ కనిపిస్తే ఆగి కారణం వెతకండి. కాగితం శుభ్రంగా ఉంటేనే కలపండి.

సీలు గాలి తెరిచి, స్పిండిల్ మూతి దగ్గర పలుచని కాగితం పేలిక పట్టండి. అది బయటికి ఊగాలి. అతుకులన్నిటికీ సబ్బునీరు రాయండి. తర్వాత గాలి వాడే కొమ్మలన్నీ మూసి, కంప్రెసరు ఆపి గడియారం చూడండి. 100 లీటర్ల ట్యాంకులో పది నిమిషాల్లో ఒక బార్ తగ్గితే నిమిషానికి పది లీటర్లు కారిపోతున్నట్టు.

ఆఖరున, హోల్డరును ఒక చేత్తో గట్టిగా పట్టుకుని టూల్ వదిలించండి. హోల్డరులో కట్టరు ఉండకూడదు. ఇరవైసార్లు చేసి, ప్రతిసారీ ముల్లు ఎంత పడిందో రాసి పెట్టుకోండి. ఆ కాగితం నాలుగో పాఠంలో కావాలి. డ్రాబార్ స్థితిని చెప్పే సెన్సర్లను అమర్చి, హోల్డరు బిగించిన స్పిండిల్‌ను అక్కడ మొదటిసారి తిప్పుతాం.