బిడ్డకి బాగాలేదని డాక్టరు నమ్మాలంటే ఇంట్లోనే వీడియో తీయండి

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉన్న మన తెలుగు అమ్మానాన్నలకి ఒక మాట. ఓపీలో జనం కిక్కిరిసి ఉంటారు, డాక్టరుగారు ఒడియాలో గబగబా అడుగుతారు, కంగారులో మనకి సగం విషయాలు నోటికే రావు, పైగా ఇంట్లో అంతసేపు ఆయాసపడిన బిడ్డ అక్కడికెళ్లేసరికి నవ్వుతూ ఉంటుంది. అందుకే ఇంట్లోనే, చొక్కా పైకెత్తి ఛాతీ, పొట్ట కనపడేలా ఒక నిమిషం వీడియో తీయండి. ఏడవకుండా ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి: 2 నెలల నుంచి ఏడాదిలోపు పిల్లలకి నిమిషానికి 50, ఏడాది నుంచి 5 ఏళ్లలోపు వాళ్లకి 40, అంతకన్నా ఎక్కువున్నా సరే, అది వేగమే. ఆ అంకె చెబితే వినే తీరే మారుతుంది. జ్వరం ఎప్పుడు ఎంత ఉందో, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసిందో కాగితం మీద రాసుకెళ్లండి. ఒడియా బాగా వచ్చినవాళ్లని వెంటబెట్టుకోండి. "ఏం లేదమ్మా" అన్నారా, "ఏం కనిపిస్తే వెంటనే తీసుకురావాలి సార్?" అని అడిగి చీటీ మీద రాయించుకోండి, మొహమాటపడొద్దు. ఫిట్స్ వచ్చినా, పాలూ నీళ్లూ అస్సలు తాగకపోయినా, మత్తుగా పడి ఉన్నా మాత్రం వీడియో కోసం ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.